బాలింత పథ్యం

తెల్లారి మనవడికి నీళ్లు పోసి, సాంబ్రాణి పట్టి, సుబ్బులమ్మ కూతురు భానుప్రియకు అన్నం పెట్టింది. పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం, చెంచాడు నెయ్యి. అంతే. పప్పు వాతం, గుడ్డు వేడి, చెనక్కాయలు తింటే పచ్చికుట్టు చీము పడుతుందని ఆమె లెక్క. ఇంటి నిండా వేరుశెనగ మూటలున్నా ఒక్క గింజ భానుప్రియ నోటిదాకా రాలేదు. ఐరాల ఊర్లో బాలింతను సాకాలంటే సుబ్బులమ్మే సాకాలని పేరు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. అయితే ఒకటి చెప్పాలి, ఆ మొండితనమంతా కూతురి మీద ప్రేమే.

వచ్చిన చిక్కల్లా కాన్పు ఆపరేషన్ కుట్టుతోనే. బిడ్డ పుట్టి నెల కావస్తున్నా అది ఒకచోట నోరు తెరుచుకునే ఉంది. చిత్తూరులో డాక్టరమ్మ చూసి, చీమేమీ లేదు, ఒంట్లో సత్తువే లేదంది. కొత్త కండ పుట్టాలంటే జింకు కావాలి, రక్తంలో అది బాగా తక్కువుందని మాత్రలు రాసిచ్చింది. మాత్ర ఒక్కటే మంత్రం కాదు, గుడ్లు, పప్పులు, చెనక్కాయలు కడుపునిండా పెట్టి, ఆ పైన మాత్ర వేయమని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. వచ్చేవారానికి దారికి రాకపోతే మళ్లీ ఆస్పత్రిలో చేర్చి కుట్టాలంది. సుబ్బులమ్మ బుద్ధిగా తలూపి వచ్చి, మాత్ర ఇచ్చింది, తిండి మాట మింగేసింది. కూతురు గుర్తుచేస్తే, ఆ డాక్టరమ్మకు పెళ్లయినట్టే లేదు, పురుడు సంగతి ఆమెకేం తెలుసని కొట్టిపారేసింది.

ఆ పొద్దు కూడా భానుప్రియ పెట్టిన ఆ రెండు ముద్దలే తిని మాత్ర వేసుకుంది. కాసేపటికే కక్కేసింది. కుట్టు పట్టుకుని విలవిల్లాడింది. సుబ్బులమ్మ మాత్రల అట్ట లాక్కుని, ఒంటికి పడని మందు ఇంట్లో వద్దని అటక మీదికి విసిరేసింది.

“మందు పడక కాదు మా,” అంది భానుప్రియ ఏడుపు దిగమింగుకుంటూ. “కడుపులో కూడు లేక వస్తా ఉండాది వాంతి. మళ్లీ కుడితే బిడ్డని యాడ పెట్టేది? నాకు ఆకలేస్తా ఉండాది మా.”

“మా యక్క మాదిరి నిన్నూ పోగొట్టుకోమంటావా?”

ఆ మాట సుబ్బులమ్మ నోట ఇంతకుముందెప్పుడూ రాలేదు. ఆమె అక్క యశోదమ్మ తొలికాన్పయిన కొద్దిరోజులకే పోయింది. పథ్యం తప్పి తిన్నందుకే పోయిందని ఊరంతా అనుకున్నారు. అప్పటికి సుబ్బులమ్మ పరికిణీ కట్టుకునే పిల్ల.

“పెద్దమ్మ ఏం తినింది మా?” అని భానుప్రియ మెల్లగానే అడిగింది.

చెప్పబోయి సుబ్బులమ్మ ఆగిపోయింది. అక్క మంచం పక్కన పగలూ రాత్రీ కూర్చున్నది తనే. కంచం తెచ్చింది తనే, కడిగింది తనే. వంకాయ తిన్నదన్నారు ఒకరు, గుడ్డు అన్నారు ఇంకొకరు. తాను చూసినవి కారం మెతుకులు, దాహమంటే పోసిన గుక్కెడు నీళ్లు. అక్క ఒళ్లు జ్వరంతో కాలిపోతుంటే ఆస్పత్రికి కూడా తీసుకుపోలేదు. ఇన్నేళ్లూ ఊరి మాట నమ్మింది గానీ తన కళ్లను తాను నమ్మలేదు.

“ఏం తిన్లేదు పాపా,” అంది. “మేం పెట్టింది తప్ప ఏం తిన్లేదు. ఆకలని నా చెయ్యి పట్టుకుంటా ఉన్నింది. పోయినాక ఆమె మీద నింద కూడా ఏసినాం.”

గోడకు ఆనుకుని కుమిలిపోయింది. వసారాలోంచి వచ్చిన భర్త చెంగయ్య మనవణ్ణి ఎత్తుకున్నాడు.

సుబ్బులమ్మ ముఖం కడుక్కుని పొయ్యి దగ్గరికి పోయింది. పప్పు వండి, గుడ్లు ఉడకబెట్టి, చెనక్కాయలు వేయించి, ముద్దలు కలిపి తానే తినిపించింది. ముద్దముద్దకూ కూతురి ముఖం చూస్తూనే ఉంది. ఇన్నేళ్ల భయం ఒక్కపూటలో పోదు గదా. అటక మీది అట్ట దింపి, మాత్ర ఆ తర్వాతే వేసింది. ఈసారి అది కడుపులో నిలిచింది.

వారం తర్వాత డాక్టరమ్మ చూసి, అంచులు దగ్గరపడుతున్నాయి, మళ్లీ కుట్టే పనిలేదు, ఇలాగే తిననివ్వండంది.

ఆ సాయంత్రం ఎదురింటి పంకజాక్షి వచ్చింది. కోడలికి కాన్పయింది, పథ్యం ఎట్లా పెట్టాలో చెప్పమని అడిగింది. సుబ్బులమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

“నీ కోడలికి ఆకలేస్తా ఉండాదేమో, ముందు అడుగు. కడుపునిండా పెట్టు,” అంది. “ఇంకోమాట. మా యక్క పథ్యం తప్పి పోలేదు. కూడు లేక, వైద్యం లేక పోయింది. ఈ మాట నేనే చెప్పినానని ఊర్లో అందరికీ చెప్పు.”