రెప్ప కింది పురుగు

మిట్టమధ్యాహ్నానికే ఆకాశం కాటుక పూసుకుంది. ఉరుములు దిక్కుల్ని పిండి చేస్తున్నాయి... పగలో రాత్రో తెలియక గుడ్లగూబ ఒకటి రేకుల షెడ్డు మీద వాలి కర్ణకఠోరంగా కూసింది! లోపల, నరకపాలం ముందు, మంత్రగాడు పాములయ్య కత్తి నూరుతున్నాడు. గోడవారన రోగులు వంతు కోసం కూర్చున్నారు.

తలుపు తన్ని దర్జీ అక్క లోపలికొచ్చింది. ఆమె గుప్పిట్లో చిన్న గాజుసీసా. కళ్లలో నిప్పులు.

తలనొప్పి తగ్గాలని ఆమె చెల్లెల్ని ఆ పిల్ల మొగుడే ఇక్కడికి తెచ్చాడు. పాములయ్య బతికున్న పామును కోసి, పచ్చి నెత్తురు, పచ్చి మాంసం మింగించాడు. కొన్నాళ్లకు ఆ పిల్ల ఎడమ కన్ను వాచింది. రెప్ప కింద ఏదో మెదిలింది... పాకింది! పిల్ల కేకలు పెడితే, నాగశక్తి ఆవహించిందని పాములయ్య జుట్టు పట్టి ఈడ్చి, బెత్తం విరిగేదాకా కొట్టాడు. అడ్డమొచ్చిన అక్కను మరిది గడప దాటనివ్వలేదు. చివరికి ఆమె పోట్లాడి చెల్లెల్ని ఆస్పత్రిలో చేర్చింది.

ఈ ఉదయం డాక్టరమ్మ రెప్ప కోసి, తెల్లటి నాడాలాంటి పురుగును బయటికి లాగింది. "పాము మాంసంలో ఉంటుందమ్మా ఇది. పచ్చిగా తింటే మనిషి ఒంట్లోకి దిగుతుంది. ప్రాణం దక్కింది, కన్ను మాత్రం పోయింది."

దర్జీ అక్క సీసాను కపాలం పక్కన ఠక్కున పెట్టింది. "ఇదిగోరా నీ నాగశక్తి. జానెడు కూడా లేదు."

పాములయ్య వికటంగా నవ్వాడు. "శక్తిని సీసాలో పెట్టావా? నీ వంశం వల్లకాడైపోతుంది. ఇరవై ఏళ్లుగా తాగుతున్నాను, నన్నేం చేసింది?"

రోగి కోసం పట్టిన పాము నెత్తుటి గిన్నె లాక్కుని గటగటా తాగేశాడు. రక్తసిక్తమైన పెదవులతో, ఆమె వైపు వేలు చూపి మారణమంత్రం అందుకున్నాడు. షెడ్డు దద్దరిల్లింది...

మంత్రం మధ్యలో తెగింది.

మూతి ఒక పక్కకు లాగేసింది. కనుగుడ్లు తేలిపోయాయి. నురగలు కక్కుతూ, గిలగిలా కొట్టుకుంటూ కపాలం మీదే కూలాడు!

రోగులు బెదిరిపోయి దర్జీ అక్క కాళ్ల మీద పడ్డారు. "తల్లీ, నువ్వే మహాశక్తివి."

"లేవండి, సిగ్గులేకపోతే సరి. నేనేం చెయ్యలేదు. వాడు మింగిందే వాడి నెత్తికెక్కింది. మోయండి, ఆస్పత్రికి."

"ఇలాంటివాణ్ణి బతికించడమెందుకమ్మా?"

"చస్తే దేవుణ్ణి చేసి కూర్చోబెడతారు మీరు. ఎత్తండి."

ఆస్పత్రిలో పాములయ్య పుర్రె తెరిస్తే మెదడులో అలాంటిదే మరొకటి, ప్రాణంతో మెలికలు తిరుగుతూ కనిపించింది. ఆ కరాళమంత్రవేత్తను గెలిచిన శక్తి దారప్పోగంత! వాడు బతికాడు. కానీ నాలుక పడిపోయింది. దాహమేస్తే మంచినీళ్లన్న మాట కూడా నోట రాదు, ఇక మంత్రమెక్కడ?

చెల్లెలి మంచం పక్కన కూర్చుని అక్క అంతా చెప్పింది. చెల్లెలు కట్టు కట్టిన ముఖం ఇటు తిప్పింది.

"తల కోసినప్పుడు వాడికి నొప్పి తెలిసిందా అక్కా?"

"లేదే. మత్తిచ్చారు."

చెల్లెలు పళ్లు బిగించి అంది:

"నన్ను కొట్టినప్పుడు నాకెవరిచ్చారు?"