ఆ నాలుగు నెలల సాక్ష్యం

కన్నతల్లి పోయిన రోజు కూతురు ఇంట్లో లేదు. పరాయి దేశంలో పైలట్ ఉద్యోగానికి పరీక్ష రాస్తూ కూర్చుంది. మూడేళ్ళుగా తండ్రి ఈ మాట వీధంతా చెబుతూ వచ్చాడు. అందులో అబద్ధం లేదు.

ఆమె పోయిన మూడేళ్ళకి, ఒక ఉదయం ఆయన ఒక చెంప గీసుకుని, రెండో చెంపకి నురగ పట్టిస్తున్నాడు. ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి. అనవసరంగా హారన్ కొట్టడని డిపోలో ‘మూగ డ్రైవరు’ అనేవాళ్ళు. భార్య పోయాక ఆ పేరు ఇంట్లో కూడా సరిపోయింది.

ఫోను మోగింది.

“నమస్కారం సార్. వెరిఫికేషన్ ఏజెన్సీ నుంచి మాట్లాడుతున్నాను. మీ అమ్మాయికి విదేశంలో ఒక విమాన కంపెనీలో పైలట్ ఉద్యోగం వచ్చే అవకాశం ఉందండీ. ఒక వివరం అడగాలి.”

“అడగండి.”

“మూడేళ్ళ కిందట వాళ్ళమ్మగారు పోయాక, నాలుగు నెలలు ఉద్యోగం లేకుండా మీ ఇంట్లోనే ఉన్నానని రాశారు. నిజమేనాండీ?”

నిజమే. తల్లి పోయిన మర్నాడు దిగింది. నాలుగు నెలలు ఉంది. వండింది, ఉతికింది, మేడ మీద గదిలో పడుకుంది. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. కూర కావాలంటే గిన్నె వైపు చూసేవాడు, అంతే.

“లేదు,” అన్నాడు.

“లేదంటే... కొన్నాళ్ళయినా ఉన్నారా సార్?”

“ఒక్క రోజు కూడా ఈ ఇంట్లో లేదు.”

అవతల కంప్యూటర్ మీద టకటక కొట్టిన చప్పుడు. “సరేనండీ, థాంక్స్.”

చెంప మీద నురగ ఎండిపోయింది. మళ్ళీ పట్టించి గీసుకున్నాడు. ఆ పూట టీ కూడా రుచిగా తోచింది. తర్వాత ఎప్పుడు ఆ టీ తలుచుకున్నా సిగ్గుతో తల ఎత్తలేకపోయేవాడు.

తొమ్మిదో రోజున కూతురు వచ్చింది. బస్సులో మూడు గంటల దూరంలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో చిన్న విమానాల మీద పాఠాలు చెబుతోంది. ముప్పై నాలుగేళ్ళు. ఇంట్లో పిట్ట అని పిలుపు. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది.

“నాన్నా, నీకు ఫోనేమైనా వచ్చిందా?”

“రోజుకి పది వస్తాయి. లోను కావాలా అంటారు, ప్లాటు కావాలా అంటారు.”

“ఏజెన్సీ నుంచి.”

“వచ్చింది.”

“ఏం చెప్పావు?”

“నువ్విక్కడ లేవని చెప్పాను.”

అరుస్తుందనుకున్నాడు. తిరిగి అరవడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆమె మెట్టు మీద కూలబడింది.

“పరాయి దేశం వాళ్ళని అక్కడ ఊరికే తీసుకోరు నాన్నా. వాళ్ళ మనుషులు చాలనప్పుడే మా వంతు. నా లైసెన్సు మొదటి నుంచి తిరగేశారు. వాళ్ళ దేశపు రూల్సు మీద పరీక్ష రాశాను. తల నుంచి కాలిగోరు దాకా డాక్టర్లు చూశారు. అన్నీ గట్టెక్కాను. మిగిలింది విమానాశ్రయంలోకి వెళ్ళే పాసు ఒక్కటే. దానికి గడిచిన అయిదేళ్ళలో ఏ నెల ఎక్కడున్నానో లెక్క తేలాలి. నా మాట నమ్మరు కదా, పరాయిదాన్ని. ఇంకొకరు చెప్పాలి. అందుకని నీ నంబరు ఇచ్చాను.”

“వీధిలో ఇంతమంది ఉండగా నాదే ఎందుకిచ్చావు?”

“నువ్వు అబద్ధం ఆడవు కదా, అందుకు.”

ఆయనకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“ఇప్పుడు అబద్ధం రాసింది నేనని తేల్చారు,” అందామె. “శుక్రవారం లోపల సరిచేయకపోతే ఫైలు మూసేస్తారట. పెద్ద విమానం నడిపి మూడేళ్ళు దాటింది. ఇంతకాలం నడపనిదాన్ని ఎవరూ తీసుకోరు. నలభై చోట్ల అడిగితే సరేనన్నది వీళ్ళొక్కళ్ళే. ఇది పోతే ఇంకంతే.”

ఆయన మూడేళ్ళుగా వాడుతున్న మాటే తీశాడు. “మీ అమ్మ పోయిన రోజు నువ్వు రాలేదు.”

“రాలేదు. పరీక్ష గదిలోకి వెళ్ళబోతూ ఫోను చేశాను. అమ్మ ఎలా ఉందని అడిగాను. ఏమన్నావు?”

ఆయన భుజం మీది తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నాడు.

“బాగుంది, పాలు తాగి పడుకుంది అన్నావు. అప్పటికి అమ్మకి తెలివి ఉందా నాన్నా?”

కొంచెం ఉంది. మాట పడిపోయింది కానీ చెయ్యి ఊపింది, చెప్పొద్దని. ఆ ఇంట్లో అదొక కట్టుబాటు. బండి నడపబోయే మనిషికి చెడ్డ కబురు చెప్పకూడదు; విమానం పరీక్షకైనా అంతే. ఆయన డ్యూటీలో ఉన్న రోజుల్లో భార్య పెట్టిందే. ఆయన తల్లి పోయిన కబురు కూడా ఆయన బస్సు డిపోలో పెట్టి, ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కున్నాకే చెప్పింది. ఆ రోజు ఆయనా సమయానికి అందలేదు. ఎందుకు రాలేదని ఆయన్ని ఒక్కరూ అనలేదు.

“కట్టుబాటు మీరిద్దరూ పాటించారు. నింద నేనొక్కదాన్నే మోశాను,” అంది కూతురు. “ఆ పరీక్ష పాసయ్యాను. ఉద్యోగం ఇస్తామన్నారు. నిన్ను ఒక్కడినీ వదిలి వెళ్ళలేక వద్దన్నాను. నాలుగు నెలలు చూశాను, ఒక్క మాట మాట్లాడతావేమోనని.”

లేచి మేడ మీదికి వెళ్ళిపోయింది. ఆ ఉద్యోగం సంగతి ఆయన వినడం అదే మొదలు.

మర్నాడు, ఊళ్ళోనే ఉన్న ఏజెన్సీ ఆఫీసు తెరిచేసరికే మెట్ల మీద ఉన్నాడు. ఫోను చేసిన అమ్మాయే అక్కడ కూర్చుని ఉంది. గొంతు గుర్తుపట్టాడు.

“అమ్మా, ఆ రోజు నేను చెప్పింది తప్పు. మా అమ్మాయి నాలుగు నెలలూ ఇంట్లోనే ఉంది.”

“కాగితం మీద రాసివ్వండి. ఎందుకు మార్చి చెబుతున్నారో కారణం కూడా రాయాలండీ. ఎవరైనా బెదిరించి చెప్పించారేమోనని అడుగుతారు.”

పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ‘చెవులు సరిగా వినపడక పొరపాటున చెప్పితిని’ అని రాశాడు. ఆమె చదివి, కాగితం వెనక్కి జరిపింది.

“రికార్డింగ్ ఉందండీ. రెండుసార్లు అడిగాను.”

ఆ మాట మెల్లగానే అంది. పక్క బల్ల దగ్గరి కుర్రది మాత్రం తలెత్తి చూసింది. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంకొకటి అడిగాడు. ఈసారి ఆగకుండా రాశాడు. ‘భార్య పోయిన కోపం కూతురి మీద తీర్చుకున్నాను. ఆమె ఇంట్లోనే ఉంది. లేనట్టు చూసింది నేను.’ కింద సంతకం పెట్టాడు.

“ఒకసారి మాట మార్చినవాళ్ళ సాక్ష్యం ఒక్కటీ చాలదండీ,” అంది ఆ అమ్మాయి, ఆయన వైపు చూడకుండా. “బంధువులు కానివాళ్ళు ఇద్దరు కావాలి. ఆమెని ఆ ఇంట్లో చూసినవాళ్ళు.”

చూసినవాళ్ళంటే వీధివాళ్ళే. కూతురు రాలేదని ఆయన ఎవరెవరి ముందు చెప్పుకున్నాడో వాళ్ళే.

దర్జీ కొట్టుకి వెళ్ళాడు. ఎదురింట్లో ఉండే ఆసుపత్రి నర్సమ్మ జాకెట్టు కొలతలకి వచ్చి ఉంది. ఇంకో ఇద్దరు బేరమాడుతున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామనుకున్నాడు. వాళ్ళు కదల్లేదు.

“రండి బాబాయ్. ప్యాంటు మళ్ళీ వదులైందా? మీరు చిక్కిపోతున్నారు, నేను కుట్టలేక చస్తున్నాను.”

“సంతకం కావాలి. వాళ్ళమ్మ పోయాక పిట్ట నాలుగు నెలలు మా ఇంట్లో ఉందని.”

మిషను ఆగింది. “రాలేదన్నారుగా! ఇదే బల్ల మీద కూర్చుని వందసార్లు అన్నారు.”

“పోయిన రోజు రాలేదన్నాను.”

“మర్నాడు వచ్చిందని ఒక్కసారీ అనలేదే బాబాయ్. అరవై కిలోమీటర్ల స్పీడులో ఆ స్టాపు దాటించేశారు.”

బేరమాడుతున్నవాళ్ళు నవ్వారు. నర్సమ్మ నవ్వలేదు.

“మీ మేడ మీద మీ బనియన్లు ఆరేసింది ఎవరనుకున్నారు, దెయ్యమా?” అంది. “డ్యూటీకి వెళ్తూ రోజూ చూసేదాన్ని. ఒకనాడు మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. ఏమ్మా అంటే, నాన్న నన్ను చూడట్లేదు ఆంటీ అంది. ఆ మెట్ల పక్క కిటికీలోనే మీరు పేపరు చదువుకుంటున్నారు. ఆ ఏడుపు నాకు రోడ్డు మీదికి వినిపించింది.”

ఆయనకీ వినిపించింది. ఆ రోజు పేజీ తిప్పాడు. అది కూడా గుర్తుంది.

“అవునమ్మా,” అన్నాడు.

“ఇటివ్వండి, పెడతాను. మీ మొహం చూసి కాదు.”

తనూ పిట్టని ఆ మేడ మీద చూశానంటూ దర్జీ కూడా పెట్టాడు. ఫోను నంబరు రెండుసార్లు సరిచూసుకుని మరీ రాశాడు. “మన పిట్ట విమానం ఎక్కాక నా పేరు చెప్పమనండి. కిటికీ పక్కన సీటు ఇప్పించాలి,” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన కాగితం పట్టుకుని ఎండలో నడిచి ఏజెన్సీకి వెళ్ళాడు.

శుక్రవారం సాయంత్రం కూతురు ఫోను చేత్తో పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ఆయన కూర తరుగుతున్నాడు.

“పాసు ఇచ్చారు నాన్నా. సోమవారం బయల్దేరాలి.”

“మంచిది.”

“నువ్వు రాసింది నాక్కూడా పంపారు.” ఫోను తెర పైకి జరిపింది. “లేనట్టు చూసింది నేను అని... నువ్వే రాశావా?”

ఆయన గోడ వైపు తిరిగాడు. భుజాలు కదిలాయి. ఆమె వచ్చి వెనక నుంచి చొక్కా పట్టుకుని, చిన్నపిల్లలా వీపుకి మొహం ఆనించింది. చొక్కా తడిసింది. ఆయన వారించలేదు.

“ఎన్నింటికి బండి?” అని అడిగాడు. మూడేళ్ళలో కూతుర్ని ఆయన కోపం లేకుండా అడిగిన మొదటి మాట.

“పొద్దున ఆరింటికి.”

“నేనూ వస్తాను, దిగబెట్టడానికి.”

“నాన్నా, ఒక్క మాట. అమ్మ పోయిన రోజు—”

“వద్దు.” కత్తి పక్కన పెట్టి ఆమె వైపు తిరిగాడు. కళ్ళు తుడుచుకోలేదు. “తప్పు నాది. రాసిచ్చాను, వీధిలో ఒప్పుకున్నాను. అంతకంటే నా దగ్గరేమీ లేదు. క్షమించానని నువ్వు అనొద్దు, నేను వినలేను. ఆ రోజు సంగతి, ఆ నాలుగు నెలల సంగతి ఎవరడిగినా, నువ్వడిగినా, బతికుండగా ఇంక నా నోట రాదు.”