ముప్పై సెకన్ల నిశ్శబ్దం

ఫిల్మ్ నగర్ స్టూడియోల్లో బయట రికార్డింగ్ ఎర్ర లైటు వెలుగుతుండగా తలుపు తోసుకొచ్చేవాళ్లు రెండే రకాలు. మొదటివాళ్లు నిర్మాతలు, రెండోవాళ్లు ఒళ్లు మండిపోతున్నవాళ్లు. ఆ బుధవారం పొద్దున తోసుకొచ్చిన అమ్మాయి నిర్మాత మాత్రం కాదు.

"ఇక్కడ తిరుమలేశ్ అంటే ఎవరండీ?"

సౌండ్ ఇంజనీరు తిరుమలేశ్ హెడ్‌ఫోన్స్ మెడ మీదికి దించుకున్నాడు. పసుపు చుడీదార్, జుట్టు మీద వాన చినుకులు, చేతిలో మడవని గొడుగు. మనిషిని చూడటం ఇదే మొదటిసారి. గొంతు మాత్రం మూడు రోజులుగా అతని చెవిలోనే కాపురం ఉంటోంది.

"నేనే. బయట లైటు చూడలేదా?"

"చూశాను. మీరు నా శాంపిల్ విన్నారా?"

"మూడు పంపిన్రు. మూడూ విన్న."

"విని, మూడింటికీ ఒకే ముక్క రాశారు. 'ఫ్యాన్ సౌండ్, రిజెక్ట్' అని! నా గొంతు గురించి ఒక్క మాట లేదు. నేను పంపింది డైలాగా, సీలింగ్ ఫ్యానా?"

"సీలింగ్ ఫ్యాన్ గాదు. కంప్యూటర్ల ఫ్యాన్," అన్నాడు తిరుమలేశ్ నిమ్మళంగా. "ఒక్కపాలి గుయ్యిమని లేస్తది, మళ్ల తగ్గుతది. సీలింగ్ ఫ్యాన్ గట్ల వేషాలెయ్యదు."

ఆ అమ్మాయి, మనోజ, నోరు తెరిచి మళ్లీ మూసేసింది. నిజమే మరి. ఆ కంప్యూటర్ డబ్బా సంగతి ఆమెకి తెలియంది కాదు.

ఆరేళ్లుగా మనోజ డబ్బింగ్ చెబుతోంది. పెళ్లి పందిట్లో జనం, హాస్పిటల్లో నర్సు, హీరోయిన్ వెనకాల నవ్వే ఫ్రెండు, అన్నీ ఆమే. హీరోయిన్ మాత్రం ఒక్కసారీ కాలేదు. ఇన్నాళ్లకి దర్శకుడు సత్యనారాయణమూర్తి గారి సినిమాలో కొత్త హీరోయిన్‌కి గొంతు కావాల్సి వచ్చింది. ఇంట్లో రికార్డు చేసి పంపితే ఆయన శనివారం పదకొండింటికి విని, ఒక్కరిని ఎంచుకుంటారు. అప్పుడే స్టూడియో గడప తొక్కేది.

"మీ దగ్గర ఇన్ని మిషన్లున్నాయి. ఆ నాయిస్ తీసెయ్యొచ్చుగా?"

తిరుమలేశ్ ఆమె శాంపిల్‌నే ఫ్యాన్ శబ్దం తీసేసి వినిపించాడు. రేకు డబ్బాలో కూర్చుని మాట్లాడినట్టు వచ్చింది గొంతు.

"ఛీ, ఇదేంటి? నేనిలా ఉంటానా?"

"ఉండరు. ఆ హీరోయిన్ సగం సినిమా అటక మీద దాక్కుని గుసగుసగానే మాట్లాడతది. గుసగుసల ఉన్నదే ఊపిరి. ఫ్యాన్ తీస్తే మీ ఊపిరి గూడ పోతున్నది."

మనోజ కోపం సగానికి దిగింది. "అంటే... గొంతు బాగుందా?"

"బాగలేకుంటే ఒక్కటి విని ఊకుంటుంటి గదా."

ఆమె గొడుగు మడిచింది. తిరుమలేశ్ కంప్యూటర్ గురించి అడిగాడు. చెప్పుల డబ్బా అంత ఉంటుందట. కృష్ణానగర్‌లో ఒంటి గది, గోడ అలమరలో బొంతలు వేలాడదీసుకుని అందులోనే నిలబడి రికార్డింగ్. కింది అరలో కంప్యూటర్. "పెద్ద డబ్బా పెడితే నేను బయట నిలబడాలి," అంది.

"అయితే డబ్బా గట్లనే ఉండనీ. లోపల వేడి తగ్గించే ఫ్యాను ఉంటది గదా, ఆ కూలర్ మారుద్దాం. రేపు ఎర్రగడ్డకు రండి, మా వీరయ్య అన్న దుకాణం ఉంది."

"మీరెందుకండీ శ్రమ?"

"నాలుగో ఫ్యాన్ నేను వినలేను తల్లీ," అన్నాడతను దండం పెడుతూ. మనోజ నవ్వు ఆపుకోవడానికి గోడ మీది రూల్స్ కాయితం చదవడం మొదలుపెట్టింది. మొదటి రూలు: ప్రతి రికార్డింగుకీ ముందు ముప్పై సెకన్లు ఖాళీ గది శబ్దం ఉండాలి. కట్ చేసి పంపితే ఫైలు తీసుకోబడదు.

"ఇదెవరు పెట్టారు?"

"నేనే."

"అనుకున్నాను," అంది.

మర్నాడు ఎర్రగడ్డ మెట్రో పక్క సందులో, వీరయ్య కౌంటరు మీద డబ్బాలు పరిచాడు. తిరుమలేశ్ ఒకటి ఠక్కున అందుకున్నాడు. "ఇదే. పెద్ద ఫ్యాన్, నెమ్మదిగా తిరుగుతది. ఇగో, లో ప్రొఫైల్, అంటే పొట్టిదని రాసే ఉన్నది."

మనోజ బ్యాగులోంచి స్కూలు నాటి ప్లాస్టిక్ స్కేలు తీసింది. దాని మీద ఇప్పటికీ సిరాతో 'మనోజ, సెవెన్త్ బి' అని ఉంది. "మా డబ్బాలో ప్రాసెసర్ మీంచి మూత దాకా నలభై ఎనిమిది మిల్లీమీటర్లు. పొద్దున్నే కొలిచాను. ఇదెంత?"

డబ్బా మీద అరవై ఆరు అని ఉంది.

"మూత పెట్టేది ఎలాగండీ? ఏనుగు మీద అంబారీలా ఎక్కించాలా?"

వీరయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. "తమ్మీ, డబ్బ మీద రాసుకుంటే పొట్టిదైతదా? స్టూడియోల కూసుంటే గింతే!"

తిరుమలేశ్ చెవులు ఎర్రబడ్డాయి. మనోజ విజయగర్వంతో పల్చటిది ఒకటి ఎంచింది, ముప్పై ఏడు మిల్లీమీటర్లు. "ఇది హాయిగా పడుతుంది."

"పడుతది. కానీ చూడండి, రెక్కలు బుడ్డవి, అడుగున రేకులు తక్కువ. చల్లబరచాలంటే గిరగిర తిరగాలె. మళ్ల అదే ఏడుపు."

"విన్నాక మాట్లాడండి."

వినడం అంటే మాటలా! బయట ఆటోల హారన్లు, పైన మెట్రో, ఎదురుగా ఉల్లిపాయల బండివాడి కేక. వీరయ్య అద్దం తలుపు మూశాడు. తిరుమలేశ్ జేబులోంచి చిన్న రికార్డర్ తీసి, ఒక ఇయర్‌ఫోన్ తన చెవిలో, ఇంకోటి ఆమె చెవిలో పెట్టాడు. వైరు జానెడే కావడంతో ఇద్దరి తలలూ దగ్గరకు రాక తప్పలేదు.

పల్చటిది ఈగలా జుయ్యిమంది. మనోజ ఒప్పుకోలుగా మూతి విరిచింది.

మూడోది వెడల్పాటి ఫ్యాను, కింద దట్టంగా అల్యూమినియం రేకులు, ఎత్తు నలభై ఏడు. వీరయ్య స్విచ్ వేశాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

"వెయ్యలేదా అన్నా?" అన్నాడు తిరుమలేశ్.

"తిరుగుతున్నది గదా, చూస్తలేవా?"

చూస్తే తిరుగుతోంది. చెవిలో మాత్రం ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడంలో మనోజ శ్వాస వినిపించింది తిరుమలేశ్‌కి. రికార్డర్ పక్కన పెట్టడం మర్చిపోయాడు.

"ఒక్క మిల్లీమీటరే సందు. సరిపోతుందా?" అని అడిగిందామె, తల పక్కకి తీయకుండానే.

"తగలకుంటే చాలు," అన్నాడు. అతనూ తల కదపలేదు.

శుక్రవారం మధ్యాహ్నం కృష్ణానగర్ సందులో వాన నీళ్లు దాటుకుంటూ స్క్రూడ్రైవర్‌తో వచ్చాడు తిరుమలేశ్. తలుపు తీసింది మనోజ అమ్మమ్మ శకుంతలమ్మ. నలభై ఏళ్లు సినిమా తల్లులకి, అత్తలకి గొంతిచ్చిన మనిషి. అతన్ని పైనుంచి కింది దాకా చూసి, "రా నాయనా, ఫ్యాన్ అబ్బాయివి నువ్వేనా?" అంది.

పాత కూలర్ పీకి, ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్టు బఠాణీ గింజంత పెట్టి, కొత్తది బిగించాడు. తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్రాసెసర్‌కి పవర్ తగ్గించాడు. "గొంతు రికార్డు చేసేటందుకు ఇది ఉరుకుడెందుకు? నడిస్తే చాలు. వేడి తక్కువుంటే ఫ్యాన్ గూడ నిమ్మళంగ ఉంటది." మూత క్లిక్కుమని పడింది. తగల్లేదు.

ఆన్ చేశాక గదిలో ఎంత నిశ్శబ్దమంటే, పక్కింట్లో పోపు చిటపటలు వినబడ్డాయి. మనోజ ఆ చిన్న డబ్బా మీద చెయ్యి పెట్టి, కళ్లు పెద్దవి చేసి అతని వైపు చూసింది. ఆ చూపు కోసం ఇంకో పది కూలర్లు మార్చమన్నా మార్చేవాడే.

"ముందు ముప్పై సెకన్లు ఖాళీగా..."

"తెలుసండీ, మీ రూలు. మీరు బయటికెళ్లండి. మీరుంటే నాకు డైలాగ్ రాదు." అలమరలోకి దూరి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, బొంత దించేసుకుంది.

వంటిల్లంటే కర్టెన్‌కి అవతలి భాగమే. శకుంతలమ్మ అతన్ని చెయ్యి పట్టుకుని కర్టెన్ పక్కకి లాగింది. "ఇక్కడ నిలబడు, గాలొస్తుంది." తర్వాత బాగా గొంతు తగ్గించి, "స్టూడియో వాళ్లు అందరిళ్లకీ వచ్చి ఇలాగే స్క్రూలు బిగిస్తారా నాయనా?" అంది.

"లేదమ్మా," అన్నాడు గుసగుసగా.

"మరి మా ఇంటికే ఎందుకొచ్చావు?"

అబద్ధం చెబుదామనుకున్నాడు. ఆవిడ కళ్లు చూసి నోరు రాలేదు.

"ఆ గొంతు నాకు రోజూ వినాలనుంది అమ్మమ్మా. జీవితాంతం. కానీ మీరు చెప్పకండి. రేపు సెలెక్ట్ అయితే, ఛాన్స్ నేనిప్పించిన అనుకుంటది. అది ఆమె కష్టం. నేను మార్చింది ఫ్యాన్ ఒక్కటే."

శకుంతలమ్మ గోడ గడియారం వైపు చూసి, "అయిపోయాయి ముప్పై," అని పప్పు కలపడానికి వెళ్లింది.

శనివారం పది నలభైకి ఫైలు వచ్చింది. అది వినే టైమివ్వకుండానే సత్యనారాయణమూర్తి గారు వచ్చి సోఫాలో కూర్చున్నారు. నాలుగు శాంపిళ్లు విన్నారు, నాలుగుసార్లు పెదవి విరిచారు. ఐదోది మనోజది.

ముందు ఖాళీ గది శబ్దం. నిజంగానే ఖాళీ. తిరుమలేశ్ గర్వంగా కుర్చీలో వెనక్కి వాలబోయాడు.

"స్టూడియో వాళ్లు అందరిళ్లకీ వచ్చి ఇలాగే స్క్రూలు బిగిస్తారా నాయనా?" అన్నాయి మనిషెత్తు స్పీకర్లు.

తిరుమలేశ్ చెయ్యి స్టాప్ బటన్ మీదికి దూకింది. మూర్తి గారు ఆ చెయ్యి పట్టుకున్నారు. "ఉండవయ్యా, బాగుంది."

అతని సొంత గొంతు గదంతా నిండింది. రోజూ వినాలనుంది. జీవితాంతం. అయిపోయింది, అనుకున్నాడు తిరుమలేశ్. సిఫార్సు అంటే ఆయనకి మంట. ఆ పిల్ల ఆరేళ్ల కష్టం తన నోటి దూల వల్ల మట్టిపాలైంది. కళ్లు మూసుకున్నాడు.

స్పీకర్లలో మైకుకి చాలా దగ్గరగా ఒక ఊపిరి. అందులో నవ్వుంది, కొంచెం వణుకు కూడా. ఆ తర్వాత డైలాగ్.

"వెళ్లకు. నువ్వు అక్కడున్నావని తెలిస్తే చాలు. నాకు భయం లేదు."

మూడు శాంపిళ్లలో విన్న మాటలే. కానీ ఇలా ఎప్పుడూ చెప్పలేదు ఆమె.

మూర్తి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మళ్లీ పెట్టు. డైలాగ్ దగ్గర్నుంచి."

మళ్లీ పెట్టాడు. ఆయన లేచి నిలబడ్డారు. "ఈ అమ్మాయిని మధ్యాహ్నం రమ్మను."

"సార్, మొదట్ల వచ్చిన మాటలు... నేనేం సిఫార్సు..."

"నా దగ్గరికి సిఫార్సులు రోజూ వస్తాయయ్యా. చెప్పొద్దని బతిమాలే సిఫార్సు ఇదే మొదటిది. నేను తీసుకుంది నిన్ను కాదు, ఆ ఊపిరిని." తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. "ఇంతకీ ఏ కూలరయ్యా అది? మా ఇంట్లో కంప్యూటర్ కూడా తెగ గోల పెడుతోంది."

మధ్యాహ్నం మళ్లీ వాన. ఎర్ర లైటు లేకపోయినా ఈసారి మనోజ తలుపు తట్టి వచ్చింది.

"ఫైలు మొదట్ల..." అన్నాడు తిరుమలేశ్ నేల చూస్తూ.

"ఏమైంది? ఫ్యాన్ సౌండా?"

"గది ఖాళీ లేకుండే గదా. కట్ చేసి పంపొచ్చు కదండి!"

"కట్ చేస్తే ఫైలు తీసుకోబడదని రాసింది మీరే." ఆమె గోడ మీది కాయితం చూపించింది. "పైగా అమ్మమ్మ ఒప్పుకోలేదు. నలభై ఏళ్లు మైకు ముందు నిలబడ్డాను, కర్టెన్ పక్క మాట ఎంత వినబడుతుందో ఆ ఫ్యాన్ అబ్బాయికి తెలీదేమో గానీ నాకు తెలుసు, అంది."

తిరుమలేశ్ తల పట్టుకున్నాడు. ఆమె నవ్వుకుంటూ బూత్‌లోకి వెళ్లిపోయింది. అద్దానికి అటు ఆమె, ఇటు అతను. ఎర్ర లైటు వెలిగింది.

"ముందు ముప్పై సెకన్లు," అన్నాడు మైకులో.

ఆమె కదలకుండా నిలబడింది. పది సెకన్లు. ఇరవై. ఇరవై అయిదో సెకనులో మైకు దగ్గరికి వంగి, ఊపిరంత మెల్లగా అంది.

"రేపు ఆదివారం, అమ్మమ్మ భోజనానికి రమ్మంది. మీ అమ్మానాన్నల్ని కూడా తీసుకురమ్మంది. నేనూ రమ్మంటున్నాను."

తిరుమలేశ్ బూత్‌లోకి మాట్లాడే బటన్ నొక్కి, "ఇంకోసారి," అన్నాడు.

"ఏం, నాయిస్ వచ్చిందా?"

"రాలేదు. ఇంకోసారి వినాలనుంది."