పదిమందిలో ఒక పేరు

పొద్దున ఏడున్నరకు జ్యోతిరాణి గిన్నెలో సర్వపిండి రొట్టె ఒత్తుతుండగా ఫోన్ మోగింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని చూసింది. ఆఫీసు నుంచి మెయిల్. ఒకసారి చదివింది. మళ్లీ చదివి స్టవ్ కట్టేసింది.

"ఏమైందే? పిండి కాలకముందే కట్టేస్తివి?" అన్నాడు వంటింటి గడప దగ్గర చాయ తాగుతున్న తండ్రి మొగిలి. బెల్లంపల్లి బొగ్గుబావిలో ముప్పై నాలుగేళ్లు పనిచేసిన మనిషి. భార్య దేవవ్వ పోయాక కరీంనగర్‌కు, కూతురి దగ్గరికి వచ్చి ఉంటున్నాడు.

"ఏం లేదు బాపు," అంది.

జ్యోతిరాణి పనిచేసేది పద్దెనిమిది దేశాల్లో శాఖలున్న కంపెనీ. ఇన్సూరెన్స్ కాగితాలు తనిఖీ చేయడం పని. ఆమె కింద పదిమంది ఉన్నారు. ఉద్యోగంలోంచి తీసేయడానికి ఆ పదిమందిలో ఒకరి పేరు శుక్రవారంలోగా రాసి పంపాలని, పక్కన 'పనితీరు బాగాలేదు' అని సంతకం పెట్టాలని మెయిల్. కింద ఎర్ర అక్షరాల్లో 'గోప్యం' అని ఉంది.

పన్నెండేళ్ల కిందట ఆఫీసు తెరిచినప్పుడు శ్యాంసుందర్ సారు దానికి పెద్ద. "తప్పు దొరికితే ముందు నాకు చెప్పుండ్రి. దాస్తేనే నాకు కోపం," అనేవాడు. ఎవరి పిల్లకు జ్వరమొచ్చినా మర్నాడు గుర్తుపెట్టుకుని అడిగేవాడు. నిరుడు విదేశంలోని హెడ్డాఫీసులో కొత్త పెద్ద వచ్చాడు. ఆరు నెలలు తిరక్కముందే శ్యాంసుందర్ సారు చేతిలో పూలగుత్తి పెట్టి పంపేశారు. ఆయన స్థానంలో వచ్చిన సుధాకర్ బెంగళూరు నుంచి కంప్యూటర్ తెర మీదే కనిపిస్తాడు. ఆఫీసులో అక్కా, అన్నా అనకూడదట, పేరుతోనే పిలవాలట, అది ప్రపంచ పద్ధతట. సీట్లోంచి ఎన్ని నిమిషాలు లేచారో కంప్యూటరే లెక్కపెడుతుంది. పేర్లు పెట్టి పిలుచుకోవడం మొదలయ్యాక మనుషులు మాట్లాడుకోవడం తగ్గింది.

ఎవరి పేరు రాయాలో మధ్యాహ్నం సుధాకర్ ఫోన్లో సూచించాడు. "హర్షిణి అంకెలు తక్కువగా ఉన్నాయి. చూస్తే మీకే తెలుస్తుంది."

తక్కువగా ఉండక ఏమవుతాయి? కాన్పు సెలవు ముగించుకుని హర్షిణి వచ్చి రెండు నెలలే అయింది.

సాయంత్రం భర్త కరుణాకర్ కాలేజీ నుంచి వచ్చాక జ్యోతిరాణి విషయం చెప్పింది. అతను ప్రైవేటు కాలేజీలో లెక్చరర్.

"రాసెయ్యి. నువ్వు రాయకుంటే ఇంకొకరు రాస్తరు. దాంతోపాటు నీ పేరు గూడ రాస్తరు," అన్నాడు.

"అబద్ధమని ఎరికుండి ఎట్ల రాయాలండి? పసిపిల్ల తల్లి అది."

"లోకాన్ని ఉద్ధరించుడు నీ ఒక్కదానికే రాసిపెట్టి ఉన్నదా?" కరుణాకర్ గొంతు పెరిగింది.

జ్యోతిరాణి పక్కనే కూర్చున్న తండ్రి వైపు తిరిగింది. తన పక్షాన నిలబడతాడని ఆమెకు గట్టి నమ్మకం. "నువ్వు చెప్పు బాపు."

మొగిలి నేల వైపు చూశాడు. "అల్లుడు చెప్పిందే నిజం. రాసియ్యి బిడ్డా."

"నువ్వేనా గీ మాట అనేది? నెల దినాలు సమ్మెల కూసున్నోనివి!"

"గప్పుడు నా ఎనక ఐదొందల మంది ఉన్నరు. నీ ఎనక ఎవరున్నరే? ఒక్కదానివి. నలిపి పారేస్తరు." చెప్పి లేచి తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఆ మాట ఆమెను కాల్చింది. కోపం దిగాక మాత్రం ఒకటి తట్టింది. తన వెనక ఎవరూ లేకపోవడానికి కారణం ఈ సంగతి ఎవరికీ తెలియకపోవడమే. ఎర్ర అక్షరాలతో 'గోప్యం' అని రాసింది అందుకే.

మర్నాడు క్యాంటీన్లో పదిమందినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పేసింది. హర్షిణి ముఖం పాలిపోయింది. "నా పేరే కదా అక్కా?" అంది చాలా నెలల తర్వాత ఆ పిలుపు పిలుస్తూ.

"ఎవరి పేరూ రాయను."

కొండల్ టీ కప్పు కింద పెట్టాడు. ఆ పదిమందిలో వయసులో పెద్దవాడు, ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పనివాడు. "నాకు జర భయమే అక్కా. గానీ ఈసారి హర్షిణి పోతే, మళ్లసారి నేను గాదని ఏం నమ్మకం? ఏం చేద్దామో చెప్పు."

శుక్రవారం ఇంటి నుంచి పనిచేసే రోజు. ఆ సాయంత్రం సుధాకర్‌తో మీటింగ్ సమయానికి పదిమందీ జ్యోతిరాణి ఇంటికే వచ్చారు. హర్షిణి చంకలో పాపతో వచ్చింది. గుమ్మం ముందు నిండిన చెప్పుల్ని చూసి మొగిలి వంటింట్లోకి తప్పుకున్నాడు.

తెర మీద సుధాకర్ కనుబొమలు ముడిచాడు. "ఈ మీటింగ్ మీ ఒక్కరితోనే కదా? పేరేదీ?"

"పేరు లేదు సార్. పదిమంది పని ఎట్లున్నదో నిజం రాసి పంపిన. హర్షిణి సెలవుల ఉన్న నెలలు గూడ మీరు లెక్కల కలిపిండ్రు. ఆ సెలవు ఇచ్చింది కంపెనీయే. అబద్ధం మీద నేను సంతకం పెట్టను."

"గోప్యమైన సంగతి బయటపెట్టారు. రూల్ దాటారు మీరు."

"దాటిన. ఏం చర్య తీసుకుంటరో నా మీద తీసుకోండ్రి."

హర్షిణి ముందుకు జరిగింది. "రెండు నెలల నా పని మొత్తం పంపిన సార్. మీరే చదివి ఒక్క తప్పు చూపియ్యుండ్రి. చూపిస్తే నేనే పోత."

సుధాకర్ తర్వాత చెబుతామని తెర ఆపేశాడు.

మంగళవారం ఉత్తరం వచ్చింది. కరీంనగర్ ఆఫీసులో మనుషుల్ని తీసే పని ప్రస్తుతానికి ఆపారు. జ్యోతిరాణిని మాత్రం టీమ్ పెద్ద హోదా నుంచి తీసేసి మామూలు సీటుకు మార్చారు.

కరుణాకర్ ఉత్తరం చదివి ఆమె పక్కన కూర్చున్నాడు. "మా కాలేజీల నేను ఒక్కనాడన్న గిట్ల నోరు తెరువలే జ్యోతీ. గా సిగ్గుతోనే నీ మీద గొంతు పెంచి ఒర్రిన," అన్నాడు. ఆమె అతని చేతిలోంచి కాగితం తీసుకుని మడిచి పక్కన పెట్టింది. "పోనీయుండ్రి," అంది.

మొగిలి పెరటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె వెళ్లి పక్కన కూర్చుంది. అతని కళ్లు తడిగా ఉన్నాయి.

"నువ్వు శుక్రారం ఆ సార్‌తోని మాట్లాడుతుంటే, వంటింట్ల గోడకు ఆనుకొని నిలబడ్డ బిడ్డా. శాన భయమైంది. బాయిల పైకప్పు కూలినప్పుడు గూడ గంత భయం గాలే. సమ్మెల నేను జెండా పట్టుకొని తిరిగిన. మీ అవ్వ దేవవ్వ ఇంట్ల గిట్లనే నిలబడ్డదేమో. ఎట్లున్నవే అని ఒక్కనాడు అడగకపోతి."

"అవ్వ నిన్ను ఆపిందా బాపు?"

"ఆపలే. అన్నం పెట్టి తోలింది." ముసలాయన భుజాలు కదిలిపోయాయి. "నేను నిన్ను ఆపిన."

జ్యోతిరాణి అతని చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. కాసేపటికి మొగిలి కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"రేపు మళ్ల పోతవా ఆడికి?"

"పోత. నా కుర్చీ హర్షిణి పక్కకే ఏసిండ్రు."

"ఇంకోసారి పేరడిగితే?"

"మళ్ల ఇయ్యను."

మొగిలి మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. తండ్రి తనకు వడ్డించడం జ్యోతిరాణి పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆ పూట ఆయనే లోపలికి వెళ్లి పళ్లెం కడిగి, అన్నం పెట్టి కూతురిని పిలిచాడు.