పది లక్షల ఒకటి

"అది ప్రధాన సంఖ్యే మేడం. మీ కీ తప్పు," అన్నాడు మునికుమార్, అరవైమంది పిల్లల ముందు.

తిరుపతిలోని ఆ కోచింగ్ సెంటర్‌లో అతను ఆరేళ్లుగా లెక్కలు చెబుతున్నాడు. సుజన చిత్తూరు నుంచి వచ్చి చేరి రెండు నెలలు. వారం పరీక్షకు ఆమె రాసిన జవాబుల కీలో 10,00,001 ప్రధాన సంఖ్య కాదని ఉంది.

"ఇంకొకసారి సూడండి సార్."

"సూసేదేముండాది? దేంతోనూ పోదది."

పిల్లలు నవ్వారు. సుజన చేతిలోని చాక్‌పీస్ బల్లమీద పెట్టి వెళ్లిపోయింది.

నిజానికి అతను తొంభై ఏడు వరకే భాగించి చూసి ఆపేశాడు. వర్గమూలం దాకా, అంటే ఈ సంఖ్యకు వెయ్యి దాకా, చూడాలని పిల్లలకు రోజూ చెప్పేది తనే. ఆ సాయంత్రం రూములో కూర్చుని, ఆ తర్వాతి ప్రధాన సంఖ్య నూట ఒకటితో భాగించాడు. శేషం మిగల్లేదు. 101 × 9901. మూడుసార్లు గుణించినా అంతే వచ్చింది. చెవులు వేడెక్కిపోయాయి.

మర్నాడే చెప్పాల్సింది. స్టాఫ్‌రూంలో ఆమె పక్క కుర్చీ కోసం పది నిమిషాలు ముందొచ్చే మనిషికి, ఆమె ముందు చిన్నబోవాలంటే మనసొప్పలేదు.

మూడో రోజు డైరెక్టర్ జయరావు పిలిచాడు. "కీలోనే తప్పు పెడితే ఎట్లబ్బా? ఆమె సీనియర్ బ్యాచ్ నువ్వే తీసుకో."

మునికుమార్ తలూపాడు. గది బయటికొచ్చాక, ఆ తలూపినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

శనివారం పొద్దున క్లాసులో ఆ భాగహారం మొత్తం బోర్డుమీద చేశాడు. "తప్పు నాది. మేడం రాసిందే కరెక్టు. నాకు మూడు రోజుల ముందే తెలుసు. సిగ్గుతో దాచినాను." ఈసారి ఎవరూ నవ్వలేదు. జయరావుకూ అదే చెప్పి, బ్యాచ్ తిరిగి ఇచ్చేశాడు.

ప్రతి శనివారం సుజన సొంతూరికి వెళ్లే బస్సు అందుకోవాలని, మధ్యాహ్నం వానలో తడుస్తూ బస్టాండుకు పరిగెత్తాడు. చిత్తూరు బస్సులో కిటికీ పక్కన సుజన కనిపించింది. ఎక్కి, సీటు పక్కనే నిలబడి, జరిగిందంతా చెప్పాడు.

"పిల్లోళ్లు అప్పుడే ఫోన్ చేసినారు," అంది ఆమె.

"నూట ఒకటని మీకు తెలుసు గదా. ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"రాద్దామనే చాక్‌పీస్ తీసుకున్నా. మీ మొకం సూసినాక చెయ్యాడలేదు. మీరు నవ్వులపాలైతే నాకేం బాగుంటాది సార్?"

అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తనను ఆమె కాపాడింది. ఆమెను తను నవ్వులపాలు చేశాడు.

"మీ పక్కన కూర్చుంటానని అడిగే మొకం కూడా లేదు నాకు."

సుజన పక్క సీట్లోని బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుంది. "మా నాయన కూడా లెక్కల సారే. ఈ మాట ఆయన ముందర చెప్తారా?"

"ఏ మాట? తప్పు చేసిన మాటా?"

"ముందర అది. ఆ తర్వాత, రెండు నెలలుగా మీరు నాకు చెప్పకుండా ఉండే మాట."

బస్సు కదిలింది. కండక్టర్ వచ్చి ఎక్కడికన్నాడు. మునికుమార్ తడిసిన జేబు తడుముకుంటుంటే, సుజనే చెప్పింది.

"చిత్తూరుకు రెండియ్యండన్నా."