నాలుగు డిగ్రీల్లో అక్క చెయ్యి

సరే, వినండి. కాలేజీ మైక్రోబయాలజీ ల్యాబ్. సాయంత్రం అయిదు. బయట ఒకటే వాన. జనం ఎప్పుడో జారుకున్నారు, మిగిలింది పిచ్చుక ఒక్కతే. డిగ్రీ ఫస్టియర్. నోరు ఆగదని ఇంట్లో వాళ్లు పెట్టిన పేరు అది. అంత వాగుడుకాయ నెల రోజులుగా నోరు విప్పట్లేదు. వాళ్లక్క పోయింది మరి.

అక్క ఇదే ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేసేది.

పిచ్చుకకి ఒక ప్రాజెక్ట్ ఇచ్చారు. ఒకే బ్యాక్టీరియాని నాలుగు అగార్ ప్లేట్ల మీద రుద్దాలి. అగార్ అంటే గట్టి జెల్లీ, బ్యాక్టీరియాకి అదే అన్నం, అదే పరుపు. ఒక ప్లేట్ ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీల్లో, ఒకటి బల్ల మీద, ఒకటి ఇంక్యుబేటర్ అనే వెచ్చటి పెట్టెలో ముప్పై ఏడు డిగ్రీల్లో, ఇంకోటి ఓవెన్‌లో యాభై అయిదులో. ఎక్కడ ఎంత పెరిగిందో చూడాలి. ఏమీ రుద్దని ఖాళీ ప్లేట్ కూడా ఒకటి ఫ్రిజ్‌లో పెట్టాలి. దాంట్లో ఏమీ మొలవకూడదు. మొలిచిందా, ఎక్కడో తప్పు చేసినట్టే.

ఆ ఫ్రిజ్‌లోనే, కింది అరలో, పెద్ద సైజు ప్లేట్ ఒకటుంది. అది అక్కది.

మూణ్ణెల్ల కిందట అక్క బస్సు దిగి వస్తూనే, చేతులు కడుక్కోకుండా ఆ జెల్లీ మీద అరచెయ్యి అద్దింది.

"చూడవే మురికిదానా, చేతులు కడుక్కోకపోతే ఏం మొలుస్తాయో రేపు చూపిస్తా."

"నీ చేతికంటే నాదే నీట్, పోవే."

మర్నాటికి జెల్లీ మీద తెల్ల చుక్కలతో అచ్చుగుద్దినట్టు చెయ్యి మొలిచింది. అయిదు వేళ్లు. చిటికెన వేలు లోపలికి వంకర. చిన్నప్పుడు కోపంతో తలుపు ధడేల్మని వేసి ఆ వేలు విరగ్గొట్టింది పిచ్చుకే. ఆ చెయ్యి అలాగే ఉండాలని అక్క ప్లేట్‌ని ఫ్రిజ్‌లో పెట్టేసింది.

ఇప్పుడు అక్కది ప్రాణమున్నది ఏదైనా మిగిలిందంటే, ఆ చెయ్యే.

ల్యాబ్ సార్ ముందే చెప్పాడు. "చల్లగా ఉన్నన్నాళ్లూ అవి పెద్దగా పెరగవు తల్లీ, చెయ్యి ఇలాగే ఉంటుంది. నేనున్నంతవరకు దీన్ని ఎవడూ ముట్టడు. వేడిలో మాత్రం పెట్టకు. రాత్రికి రాత్రే అన్నీ పెరిగి కలిసిపోతాయి. వేళ్లూ ఉండవు, ఏమీ ఉండదు."

అందుకే పిచ్చుక రోజూ వచ్చి ఫ్రిజ్ తలుపు తీసి, ఒక్కసారి చూసి, మూసేసేది.

ఆ సాయంత్రం కూడా మూసింది. బల్ల దగ్గరికొచ్చి పుస్తకంలో రీడింగ్ రాస్తోంది. డెట్టాల్ వాసన, దాని కింద పుల్లటి అగార్ వాసన. ఫ్రిజ్ గుయ్‌మంటోంది. కిటికీ మీద వాన.

ఫ్రిజ్ మోత ఆగిపోయింది.

టక... టక టక... టక టక టక...

ప్లేట్లు ఒకదానికొకటి తగులుతున్నాయేమో అనుకుంది. మోటార్ ఆగినప్పుడు ఒక్కోసారి అలా కదులుతాయి. కానీ ఆగట్లేదు. చిన్నగా, గబగబా... వణికేవాళ్ల పళ్లు కొట్టుకుంటున్నట్టు.

పిచ్చుకకి ఆ చప్పుడు తెలుసు.

నెల కిందట పక్క మంచం మీంచి విన్నదే. అక్కకి జ్వరం. "చలేస్తోందే... ఆ దుప్పటి కప్పవే," అంది. పిచ్చుక ఫోన్‌లోంచి తలెత్తలేదు. "ఫ్యాన్ కూడా వెయ్యలేదు, నీకు చలేంటే? డ్రామాలు ఆపి పడుకో." ఇయర్‌ఫోన్స్ పెట్టేసుకుంది. తెల్లారి అమ్మ అరుపుకి లేచేసరికి అక్క లేదు. దుప్పటి కాళ్ల దగ్గర మడత పెట్టింది పెట్టినట్టే ఉంది.

టక టక టక...

"ఎవరది?"

"చలేస్తోందే..."

ఫ్రిజ్ లోపల్నుంచి. మెల్లగా.

పారిపోవాలి కదా ఎవరైనా? కాళ్లు తలుపు వైపు తిరిగాయి కూడా. కానీ ఆ గొంతు... బతిమాలుతోంది. ఆ రోజు బతిమాలినట్టే.

పిచ్చుక ఫ్రిజ్ తీసింది. ప్లేట్ చేతుల్లోకి తీసుకుంది. మంచుగడ్డలా ఉంది.

"వెచ్చగా పెడితే నువ్వు కనపడకుండా పోతావే అక్కా..."

"కప్పవే..."

"నాకింకేం మిగల్లేదే..."

"కప్పవే."

ముప్పై ఏడు డిగ్రీలు. మనిషి ఒంటి వెచ్చదనం అంతే. పిచ్చుక ఇంక్యుబేటర్ తెరిచి ప్లేట్ లోపల పెట్టింది. తలుపు మూసి, తన స్వెటర్ విప్పి ఆ పెట్టె మీద కప్పింది. ఆ రోజు కప్పని దుప్పటిలా, నాలుగు మూలలూ సర్దింది.

టకటక ఆగింది. ఎవరో హమ్మయ్య అని ఊపిరి వదిలినట్టు... అంతే.

వానలో తడుస్తూ ఇంటికెళ్లింది. నెల తర్వాత మొదటిసారి నిద్రపట్టింది.

పొద్దున్న ల్యాబ్ సార్‌తో కలిసి ఇంక్యుబేటర్ తెరిచింది. ప్లేట్ నిండా తెల్లగా మీగడలా అలుక్కుపోయింది. వేళ్లు లేవు. వంకర చిటికెన వేలూ లేదు.

"చెప్పాను కదా తల్లీ..." అన్నాడు సార్.

"తెలుసు సార్. చలేస్తుంటే ఎలా ఉంచను?"

ఆయనకేం అర్థమైందో ఏమో, ప్లేట్ అందుకున్నాడు. పిచ్చుక వేళ్లు తగలగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఏంటమ్మా ఇది, ఐసులా ఉంది! ఫ్రిజ్‌లో పెట్టావా చెయ్యి?"

"లేదే సార్. ఫ్రిజ్ ఇంకా తియ్యనే లేదు."

ఆయన వెళ్లాక రీడింగ్ రాద్దామని ఫ్రిజ్ తీసింది. నాలుగు డిగ్రీలు. థర్మామీటర్ ముల్లు కదల్లేదు.

ముందు వరసలో ఖాళీ ప్లేట్ ఉంది. ఏమీ రుద్దనిది. దాంట్లో వేళ్లు మొలిచాయి. ప్లేట్ చిన్నది కదా, అరచెయ్యి పట్టక అంచు దగ్గర తెగిపోయింది. వేళ్లు మాత్రం తెల్లగా, స్పష్టంగా. బొటనవేలి మీద అడ్డంగా ఒక గీత. మొన్న గాజు ముక్క కోసుకుని పిచ్చుకకి పడిన గాటు, సరిగ్గా అక్కడే.

తన చెయ్యే. తను అద్దని చెయ్యి.

కానీ ఆ చిటికెన వేలు లోపలికి వంకరగా ఉంది.

పిచ్చుక మెల్లగా కిందికి చూసుకుంది. తన చెయ్యి ఫ్రిజ్ తలుపు పట్టుకుని ఉంది. నాలుగు వేళ్లు తిన్నగా ఉన్నాయి. అయిదోది తిన్నగా చేద్దామని చూసింది...

రాలేదు.