మౌనశ్రీ పీకిన నీలం వైరు

ఫోన్‌లో గుండ్రం తిరుగుతూనే ఉంది. వీడియోలో డ్యాన్స్ టీచర్ చెయ్యి పైకెత్తి అలాగే ఆగిపోయింది. పాట మొదటి లైను దాటి ముందుకు కదలడం లేదు.

"మళ్లీ ఆగింది" అని మౌనశ్రీ కాలు నేలకేసి కొట్టింది.

గురువారం సాయంత్రం. ఐదు కావస్తోంది. రేపు పొద్దున్నే స్కూల్లో కర్ణాటక రాజ్యోత్సవం డ్యాన్స్ రిహార్సల్. మూడో స్టెప్పు రానివాళ్లను వెనక వరుసలో నిలబెడతానని టీచర్ ముందే చెప్పింది. ఐదో తరగతి పిల్లకు వెనక వరుస అంటే ఎంత అవమానమో పెద్దవాళ్లకు తెలీదు లెండి.

ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ, నానమ్మ అంజమ్మ సామాన్లకని గంజ్ బజారుకు పోయారు. నాన్న తన జిరాక్స్ షాపులో ఉన్నాడు. మౌనశ్రీ హాల్లో ఉన్న వైఫై రూటర్ వైపు కోపంగా చూసింది. దాని వెనక నుంచి ఒక నీలం వైరు కిటికీలోంచి బయటికి పోయి, మేడ మీది గదికి వెళ్తుంది. ఆ గదిలో ఇద్రీస్ అద్దెకుంటాడు.

"ఆ అన్న మాట్లాడుతుంటే నా వీడియో ఆగుతుంది. ఐదంటే ఐదు నిమిషాలే" అని తనకు తానే చెప్పుకుని, నీలం వైరు పట్టి లాగింది. టక్కున ఊడి వచ్చింది.

వీడియో గడగడా నడిచింది. నిజానికి ఇద్రీస్ అప్పటికింకా కాలేజీ నుంచి రానేలేదు. మరి వీడియో ఎందుకు నడిచిందో ఆ రూటర్‌కే తెలియాలి.

మూడో స్టెప్పు వచ్చేసింది. మౌనశ్రీకి సంతోషం పట్టలేదు. ఇంటికి తాళం వేసి, తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని, రెండు గల్లీల అవతల ఉన్న స్నేహితురాలు సోనికి చూపించడానికి ఒకటే పరుగు తీసింది. వైరు సంగతి మనసులో లేనేలేదు.

ఇప్పుడు ఇద్రీస్ గురించి కాస్త చెప్పాలి.

అతనిది సూడాన్. బీదర్‌కు పశువుల డాక్టరు చదువుకోవడానికి వచ్చాడు. ఎంత పొడుగంటే, మౌనశ్రీ వాళ్ల గుమ్మంలోంచి తల వంచకుండా లోపలికి రాలేడు. హిందీ బాగానే నేర్చుకున్నాడు. తెలుగు అంజమ్మ నేర్పుతోంది. "అంజమ్మా, మంచిగున్నవా" అనేదాకా వచ్చింది.

వచ్చిన మొదటి వారంలోనే అంజమ్మ అతనికి జొన్న రొట్టె పెట్టింది. రొట్టె చేతిలోకి తీసుకుని వాసన చూసి చాలాసేపు తినకుండా కూర్చున్నాడు. వాళ్ల ఊళ్లోనూ జొన్నలే తింటారట. వాళ్ల హబూబా జొన్నపిండి పులియబెట్టి, పెనం మీద కాగితమంత పలుచగా పూసి తీసేదట. హబూబా అంటే వాళ్ల భాషలో నానమ్మ. అమ్మ పనికి పోతే ఇద్రీస్‌ను పెంచింది ఆమే.

బీదర్ మీద పగలంతా ట్రైనింగ్ విమానాలు తిరుగుతుంటాయి. ఊళ్లో ఎవరూ తల ఎత్తి కూడా చూడరు. ఇద్రీస్ మాత్రం కొత్తలో ఆ చప్పుడు వినగానే మెట్ల కింద దూరేవాడు. మౌనశ్రీ, సోని అది చూసి పడీ పడీ నవ్వారు. అతనూ నవ్వాడు. కానీ చప్పుడు పోయేదాకా బయటికి రాలేదు.

అతని దేశంలో యుద్ధం జరుగుతోంది. వాళ్ల ఊళ్లో ఫోన్ టవర్లు పని చేయవు. పక్క ఊళ్లో ఒక షాపువాడు ఆకాశంలోని ఉపగ్రహం నుంచి ఇంటర్నెట్ పట్టే డబ్బా పెట్టుకున్నాడు. గురువారం గురువారం వాళ్లమ్మ అక్కడిదాకా నడిచి వచ్చి, వరుసలో నిలబడి, పది నిమిషాలు మాట్లాడుతుంది. మన గడియారంలో అప్పుడు ఐదున్నర. ఇక్కడేమో ఇద్రీస్ వీసా కాగితాలు ఆఫీసులో ఆగిపోయి, అతని సిమ్ బంద్ అయి నెల దాటింది. వైఫై ఒక్కటే దారి.

ఇదంతా మౌనశ్రీకి తెలియనిదేం కాదు. ఇద్రీస్ అంజమ్మకు చెబుతుంటే పక్కనే కూర్చుని విన్నది. జీకే పరీక్షలో సూడాన్ రాజధాని రాసి మార్కు కూడా తెచ్చుకుంది. తెలిసి ఉండటం వేరు, అవసరానికి గుర్తు రావడం వేరు.

ఆరున్నరకు మౌనశ్రీ తిరిగొచ్చి తాళం తీసింది. రూటర్ పక్కన నీలం వైరు వేలాడుతూ కనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది. గబగబా వైరు మళ్లీ పెట్టేసింది. పెట్టి రెండు నిమిషాలైనా కాలేదు, నాన్న స్కూటర్ ఆగింది. వెనక ఇద్రీస్ ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

నాన్న నేరుగా రూటర్ దగ్గరికి వచ్చాడు. "పచ్చ లైటు మంచిగనే వెలుగుతుంది కదా. మరి ఎందుకు బంద్ అయింది? మౌనా, ఇందాక కరెంటు పోయిందా?"



"ఏమో డాడీ. పోయిందేమో" అన్నది.

అమ్మ, అంజమ్మ సంచులతో లోపలికి వచ్చారు. ఇద్రీస్ ముఖం చూసి అంజమ్మ సంచి కింద పెట్టేసింది.

"ఏమైంది బిడ్డా?"

ఇద్రీస్ హిందీలో చెప్పాడు. కాలేజీ నుంచి ఐదుంబావుకు వచ్చాడు. గదిలో వైఫై లేదు. కిందికి వస్తే తాళం వేసి ఉంది. ఎవరైనా వస్తారని ఐదుముప్పావు దాకా చూసి, నాన్న షాపుదాకా పరుగెత్తాడు. షాపు వైఫై తగిలేసరికి ఆరు దాటింది. ఫోన్‌లో ఐదు మిస్డ్ కాల్స్, ఒక వాయిస్ మెసేజ్ ఉన్నాయి.

"ఇవ్వాళ హబూబా కూడా వచ్చిందట. ఆమె నడవలేదు, గాడిద బండి మీద తీసుకొచ్చిండ్రట. రేపు పొద్దుగాల అందరు ఊరిడిచి పోతుండ్రు. నా గొంతు విని పోదామని వచ్చిందట" అన్నాడు.

మెసేజ్ వినిపించాడు. ఒక ముసలి గొంతు "ఇద్రీస్, ఇద్రీస్" అని గట్టిగా పిలిచింది. కాసేపు ఆగి మళ్లీ పిలిచింది. అంతే.

"ఆమెకు ఫోన్ అలవాటు లేదు. దూరం ఉన్నా కదా, గట్టిగ పిలిస్తే వినపడతదనుకున్నది" అన్నాడు.

అంజమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. మౌనశ్రీ వంటింట్లోకి పోయి నీళ్ల బిందె పక్కన నిలబడింది. ఇప్పుడే చెప్పేయాలి అనుకుంది. చెప్పలేదు, చెంబుతో నీళ్లు ముంచుకుని తాగింది.

మర్నాడు రిహార్సల్‌లో ఆమెను ముందు వరుసలో నిలబెట్టారు. మూడో స్టెప్పు బాగా చేసిందని టీచర్ అందరితో చప్పట్లు కొట్టించింది. మౌనశ్రీకి ఆ చప్పట్లు వినబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చేసరికి కేబుల్ పనిచేసే చంద్రప్ప నిచ్చెన దిగుతున్నాడు.

"అన్నా, మొత్తం చూసిన. నా లైన్ల తప్పేం లేదు" అన్నాడు.

"తప్పు లేకుంటే ఎట్ల బంద్ అయింది? నీ పని నువ్వు సక్కగ చేస్తే ఆ పిలగాడు ఇంటోళ్లతోని మాట్లాడుకునేటోడు" అని నాన్న కసురుకున్నాడు.

చంద్రప్ప నిచ్చెన భుజాన వేసుకుని పోయాడు. మౌనశ్రీ తలుపు వెనక నుంచి అంతా విన్నది. 

తర్వాతి గురువారం ఇద్రీస్ మెట్ల మీద ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. ఫోన్ రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు. కాలేజీకి పోతున్నాడు, వస్తున్నాడు. అంజమ్మ రొట్టె ఇస్తే "ఆకలి లేదమ్మా" అంటున్నాడు. అతను మెట్ల మీద ఉంటే మౌనశ్రీ పెరటి దారిన తిరిగిపోయేది. రోజూ పొద్దున లేవగానే ఈరోజు చెప్పేస్తాననుకునేది. సాయంత్రానికి రేపు చెబుదామనుకునేది. అలా పదిహేడు రోజులు గడిచాయి.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

ఇద్రీస్ మేడ మీద చాలాసేపు మాట్లాడాడు. తర్వాత కిందికి వచ్చి, హాల్లో చాప మీద అంజమ్మ పక్కన కూలబడ్డాడు. వాళ్లమ్మ, చెల్లెలు సరిహద్దు దాటి ఈజిప్టులో బంధువుల ఇంటికి చేరారు. హబూబా చేరలేదు. దారిలో మూడో రోజు ఎండకు తట్టుకోలేక చనిపోయింది. అక్కడే రోడ్డు పక్కన మట్టి చేసి వచ్చారు.

అంజమ్మ అతని వీపు మీద చెయ్యి వేసింది.  అప్పుడు ఇద్రీస్ అన్నాడు.

"తప్పు నాదే అంజమ్మా. ఆరోజు కాలేజీల్నే ఉంటే అయిపోతుండె. అక్కడ వైఫై ఉంటది. ఆకలైతుందని రూముకు వచ్చిన. నా కడుపు చూసుకొని ఆమె మాట పోగొట్టుకున్న."

అమ్మ పక్కన నిలబడి ఉన్న మౌనశ్రీకి ఏడుపు తన్నుకొచ్చింది. ఆకలేస్తే ఇంటికి రావడం కూడా తప్పేనా? ఇన్ని రోజులూ ఈ అన్న రొట్టె ముట్టనిది అందుకా? తను చేసిన తప్పును ఆయన నెత్తిన వేసుకున్నాడు. తను నోరు మూసుకుని చూస్తూ ఉంది.

"అన్నా, ఆరోజు కరెంటు పోలేదు" అన్నది.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"నేనే వైరు పీకిన. డ్యాన్స్ వీడియో ఆగుతుందని పీకిన. మళ్ల పెట్టుడు మరిచి సోని ఇంటికి పోయిన. డాడీ అడిగితే అబద్ధం చెప్పిన. నీ తప్పు కాదన్నా."

 ఇద్రీస్ మౌనశ్రీ వైపు చూశాడు. తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది. అతను లేచి, గుమ్మం దగ్గర తల వంచి, మెట్లెక్కి పైకి పోయాడు. తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

ఆ సాయంత్రం మౌనశ్రీ నాన్న ఫోన్ తీసుకుని చంద్రప్పకు కాల్ చేసింది. "మామా, నీ లైన్ల తప్పు లేకుండె. వైరు నేనే పీకిన" అని చెప్పింది. అవతల చంద్రప్ప "మంచిదమ్మా" అని పెట్టేశాడు.

నాలుగు రోజులు ఇద్రీస్ ఆమెతో మాట్లాడలేదు. కోపంగా చూడనూ లేదు. "ఎన్ని రోజులు మాట్లాడకుంటడు నానమ్మా?" అని మౌనశ్రీ అడిగింది. "ఆయన ఇష్టం బిడ్డా. నువ్వు తొందర పెట్టకు" అన్నది అంజమ్మ.

గురువారం వచ్చింది. ఈ వారం నుంచి వాళ్లమ్మ ఈజిప్టు నుంచే ఫోన్ చేస్తుందని ఇద్రీస్ అంజమ్మతో చెప్పడం మౌనశ్రీ విన్నది. ఐదు గంటలకు ఫ్యాను ఆగిపోయింది. ఈసారి నిజంగానే కరెంటు పోయింది. రూటర్ మీద ఒక్క లైటూ లేదు.

మౌనశ్రీ చెప్పులు కూడా వేసుకోకుండా నాన్న షాపుకు పరుగెత్తింది.

"డాడీ, గంటసేపు నీ ఫోన్ ఇయ్యి. ఇద్రీస్ అన్నకు హాట్‌స్పాట్ పెట్టాలె."

నాన్న ఆమె దుమ్ము కాళ్ల వంక చూసి, ఫోన్ చేతిలో పెట్టాడు.

మేడ మీద ఇద్రీస్ గది తలుపు తెరిచే ఉంది. మౌనశ్రీ హాట్‌స్పాట్ ఆన్ చేసి, పాస్‌వర్డ్ చెప్పి, ఫోన్ గడప మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"కూర్చో" అన్నాడు ఇద్రీస్.

ఆమె గడప పక్కన కూర్చుంది. ఐదున్నరకు ఇద్రీస్ ఫోన్ మోగింది. తెరమీద తెల్లటి బట్ట తల చుట్టూ కప్పుకున్న ఒకామె కనిపించింది. ముఖం అలిసిపోయి ఉంది. తల్లీ కొడుకులు వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో ఇద్దరూ ఏడ్చారు. మౌనశ్రీకి ఒక్క ముక్క అర్థం కాలేదు, హబూబా అన్న మాట తప్ప.

తల్లికి గడప దగ్గరున్న పిల్ల కనిపించినట్టుంది. ఏదో అడిగింది. ఇద్రీస్ జవాబు చెప్పాడు.

"ఏమంటున్నది అన్నా?"

"నువ్వెవరని అడిగింది. ఇంటోళ్ల బిడ్డ అన్న. ఆరోజు ఫోన్ ఎందుకు తగల్లేదని అడిగింది. కరెంటు పోయిందని చెప్పిన."

మౌనశ్రీ తల అడ్డంగా ఊపింది. "అట్ల చెప్పకన్నా. నేను వైరు పీకిన అని చెప్పు."

"ఎందుకు? ఆమెకు ఎట్లాగూ తెల్వదు కదా."

"నాకు తెల్సు కదా అన్నా. నీకు తెల్సు."

ఇద్రీస్ ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత ఫోన్ వైపు తిరిగి, మెల్లగా, ఆగి ఆగి చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో ఒకసారి "మౌనా" అన్న పేరు వినిపించింది. అటువైపు ఆమె వింటోంది. ఆమె కళ్లు కొడుకు మీది నుంచి మెల్లగా మౌనశ్రీ వైపు తిరిగాయి.

మౌనశ్రీకి గోడ చాటుకు పోవాలనిపించింది. పోలేదు. ఆమెకు తన ముఖం సరిగ్గా కనబడేలా ముందుకు జరిగి, ఫోన్‌కు ఎదురుగా కూర్చుంది.